ఊరి పేరు మోస్తున్న తొండ

గత ఏప్రిల్ మాసంలో కార్యాలయ కార్యార్థమై పుదుచ్చేరికి వెళ్ళవలసి వచ్చింది. గురు, శుక్రవారాలలో సాంకేతిక సదస్సు ముగిసింది. శని, ఆదివారాలు మాకు మిగిలాయి. మా శ్రీమతి కూడా వెంట వచ్చింది. పుదుచ్చేరి అనగానే మనవారికి గుర్తుకు వచ్చేవి అరవిందాశ్రమం, ఆరోవిల్, మణకుళ వినాయకుని ఆలయం, సముద్రపు ఒడ్డున గాంధీ విగ్రహం, పసుపు వన్నె పూసుకున్న ఫ్రెంచివారి భవనాలు. వాటిని గురించి వ్రాసినవారు అనేకులు. కనుక నేను మరల వ్రాయబోను. నేను అక్కడికి ఒక తొండను చూడడానికి వెళ్ళాను.

ఈ మాట చెప్పినప్పుడు మా సెక్షన్‌లోని మిత్రులు నవ్వారు. "తొండ కోసం పుదుచ్చేరి దాకా ఎందుకండీ, మన స్టోర్సు వెనుక ప్రహరీ మీద కావలసినన్ని ఉన్నాయి కదా" అన్నారు. వారి మాట నిజమే. కాని నేను చూడదలచినది మన ప్రహరీ మీది తొండ కాదు. శాస్త్ర గ్రంథాలలో సాక్షాత్తు పుదుచ్చేరి పేరునే ధరించిన మరొక తొండ. దాని వద్దకు వచ్చే ముందు, యాభై దాటిన ఇంజనీరుకు ఈ వ్యసనం ఎలా పట్టుకున్నదో చెప్పడం అవసరం.

1979 వేసవిలో, నేను ఇంకా ప్రాథమిక పాఠశాలలో చదువుకునే రోజుల్లో, కృష్ణా డెల్టాలోని మా గ్రామంలో మా చిన్నాన్న పాము కాటుకు మరణించాడు. వసారాలో చాప పరచుకొని పడుకున్నవాడు అర్ధరాత్రి లేచి, చీమ కుట్టినట్లుందని చెయ్యి తుడుచుకొని మళ్ళీ పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అన్నాడు. సూర్యోదయానికి కనురెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దగా వస్తున్నది. పొరుగూరి నుండి మంత్రగాడిని పిలిపించారు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. ఆ సాయంత్రమే గడ్డివాములో ఆరడుగుల పాము ఒకటి కనిపించగా, పదిమంది కర్రలతో చేరి దానిని చంపి, వీధిలో వేసి, పగ తీరిందనుకున్నారు. నేనూ ఒక రాయి వేశాను.

ఉద్యోగంలో చేరిన తరువాత, పాత పుస్తకాల దుకాణంలో రాములస్ విటేకర్ వ్రాసిన భారతదేశపు సాధారణ సర్పాల గ్రంథం (1978 నాటిది) దొరికింది. ఒక నైట్ షిఫ్టులో దానిని తిరగవేస్తూ ఉంటే రెండు విషయాలు ఒక్కసారిగా బోధపడ్డాయి. మా చిన్నాన్నను కరచినది కట్లపాము. నేల మీద నిద్రించేవారిని రాత్రివేళ కరవడం, నొప్పీ వాపూ దాదాపు లేకపోవడం, తరువాత కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, చివరకు ఊపిరి కండరాలు పనిచేయకపోవడం, ఇవన్నీ దాని కాటు లక్షణాలే. మేము కొట్టి చంపినది జెర్రిపోతు. దానికి విషమే లేదు. అది మా గాదెలలోని ఎలుకలను తిని బ్రతికే ప్రాణి. అంటే ఆ మనిషిని ఎలా కాపాడాలో ఊరిలో ఎవరికీ తెలియలేదు, ఎవరిపై పగ తీర్చుకోవాలో కూడా తెలియలేదు. అప్పటి నుండి నాకు ఈ ప్రాణుల పేర్లు సరిగా తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కరలేదో కొంత తెలిసింది.

ఈ అభిరుచికి ఖర్చు తక్కువ. ఒక టార్చి, ఒక దుర్భిణి, మోకాలి దాకా వచ్చే బూట్లు, జేబులో నోటుపుస్తకం చాలు. తెలియని సందులో చెయ్యి పెట్టకూడదు, తిప్పిన రాయిని మళ్ళీ యథాస్థానంలో ఉంచాలి, దేనినీ పట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పాములను పట్టడం నేరం కూడా. టార్చిని నడుము దగ్గర కాక కంటికి సమీపంలో పట్టుకోవడం ఇందులో ఒక చిన్న కిటుకు. రాత్రివేళ కప్పల కళ్ళలో తగిలిన వెలుతురు వచ్చిన దారినే తిరిగి వస్తుంది. రహదారుల మీద వాహనపు దీపాలకు మెరిసే గాజుబిళ్ళల సూత్రమే ఇది. నడుము దగ్గర పట్టుకుంటే ఆ మెరుపు నడుముకు కనిపిస్తుంది, మనకు కాదు.

ఇక పుదుచ్చేరి. 2006 వరకు అధికారికంగా పాండిచ్చేరి అని వ్యవహరింపబడిన ఈ పట్టణానికి ఫ్రెంచి పాలనలో ప్రకృతి శాస్త్రజ్ఞుల రాకపోకలు విశేషంగా ఉండేవి. లెషెనో అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1816లో ఇక్కడికి వచ్చి, 1822 వరకు దక్షిణ భారతమంతా తిరిగి మొక్కలనూ జంతువులనూ సేకరించి పారిస్‌కు పంపించాడు. అలా వివిధ వ్యక్తులు నౌకలలో పంపిన నమూనాలను పారిస్ మ్యూజియంలోని పండితులు పరీక్షించి, వర్ణించి, పేర్లు పెట్టేవారు. అందువలన మన తీరప్రాంతపు బల్లులకూ కప్పలకూ శాస్త్రీయ జన్మస్థలం పుదుచ్చేరిగా నమోదైన సందర్భాలు ఉన్నాయి. ప్రాణి ఎన్నో వేల మైళ్ళ మేర వ్యాపించి ఉండవచ్చు. కాని ఆ పేరు మొదట ఏ ఊరి నమూనాకు పెట్టారో ఆ ఊరే దానికి ప్రమాణం. మనం ఒక మీటరు పరికరాన్ని ప్రమాణ పరికరంతో సరిచూచుకుంటాం గదా, అటువంటిదే ఇది.

మనందరికీ తెలిసిన తొండ సంగతే చూడండి. కలోటీస్ వర్సికలర్ అని దానికి 1802లో పేరు పెట్టినవాడు దోదాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. అది పాకిస్తాన్ మొదలు ఆగ్నేయాసియా దాకా ఉన్న ఒకే జాతి అని చాలా కాలం భావించారు. దోదాన్ చూచిన నమూనా కాలక్రమంలో కనిపించకుండా పోయింది. 2021లో భారతీయ శాస్త్రజ్ఞులు ఇతర దేశాల సహచరులతో కలిసి జన్యుపరీక్షలు జరిపి, ఇది ఒక జాతి కాదు, కొన్ని జాతుల సముదాయమని తేల్చారు. అసలు పేరు ఎవరికి చెందాలన్న తగవు తీర్చడానికి వారు పుదుచ్చేరి తొండనే క్రొత్త ప్రమాణ నమూనాగా నిర్ణయించారు. దక్షిణ భారతం, తూర్పు తీరంలో కొంత భాగం, శ్రీలంక, ఇవి దానికి దక్కాయి. ఉత్తరాది తొండలకు వేరే పేర్లు వచ్చాయి.

ఈ దోదానే 1803లో కట్లపాముల ప్రజాతికి బుంగారస్ అని పేరు పెట్టాడు. అది మన 'బంగారు' అన్న తెలుగు మాటే. 1780 దశకంలో విశాఖపట్నంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరపు పాములను పరిశీలించి, 1796లో గొప్ప చిత్రగ్రంథం వెలువరించాడు. స్థానికులను అడిగి వారు చెప్పిన తెలుగు పేర్లనే అందులో నమోదు చేశాడు. రక్తపింజరికి 'కాటుక రేకుల పొడ' అన్న అందమైన పేరు ఆ గ్రంథంలో ఉన్నది. పసుపు, నలుపు పట్టీల పాముకు వారు చెప్పిన 'బంగారుపాము' అన్న పేరే లాటిన్ వేషం ధరించి ప్రపంచమంతా తిరుగుతున్నది. మా చిన్నాన్నను పొట్టనబెట్టుకున్న పాము పేరులో మా ఇంటి మాటే ఉన్నదని తెలిసిన రోజున చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. రెండు వందల ఏళ్ళ క్రితం విశాఖలో ఎవరో పాములవానికి తెలిసిన తేడా 1979లో మా ఊరిలో ఒక్కరికీ తెలియకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

శుక్రవారం రాత్రి అతిథిగృహంలో మా అన్వేషణకు ఊహించని ప్రారంభం జరిగింది. స్నానాలగదిలోకి వెళ్ళిన మా శ్రీమతి "ఏమండీ!" అని పెట్టిన కేకకు నేను పరుగెత్తాను. అద్దం అంచున, గోడకు అతుక్కొని, మట్టిరంగులో ఒక చెట్టుకప్ప కూర్చుని ఉన్నది. వ్రేళ్ళ చివర చిన్న చిన్న బిళ్ళలు, తొడల వెనుక పసుపు మచ్చలు. ఎండాకాలంలో తేమను వెదుక్కుంటూ ఇళ్ళలోకి రావడం వీటికి అలవాటు. వానలు పడగానే నీటి మీదికి వంగిన కొమ్మకు నురుగుతో గూడు కట్టి అందులో గుడ్లు పెడతాయి. ఈ ఉపన్యాసమంతా నేను తలుపు బయటి నుండి చెప్పాను. ఆమె విని, "సరే, అది అక్కడే ఉండనీయండి, నేను ప్రక్క గదిలోకి వెళతాను" అన్నది. దానిని పంపించివేయమనకపోవడం, మా ముప్పై ఏళ్ళ సంసారంలో, చెప్పుకోదగిన ప్రగతి.

శనివారం ఉదయం బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాము. పాత పట్టణానికి పడమటి అంచున 1826లో ఫ్రెంచివారు నెలకొల్పిన తోట ఇది. తరువాత పెరొతే అనే శాస్త్రజ్ఞుడు దీర్ఘకాలం దీనిని తీర్చిదిద్దాడు. నీలగిరులలోని ఒక చిన్న బిలసర్పానికి ఆయన పేరు ఉన్నది. గేటు దాటి నలభై అడుగులు నడిచామో లేదో, ఒక చింతచెట్టు మొదలు మీద మగతొండ కనిపించింది. వేసవి దానికి జతకట్టే కాలం. తల, మెడ ఎర్రబారి, గొంతు క్రింద నల్లని మచ్చలతో, ముందు కాళ్ళు చాచి, దండీలు తీస్తున్నట్లు లేచి దిగుతున్నది. ఆ ఎరుపు చూచే మన పల్లెల్లో తొండ మనిషి రక్తం దూరం నుండే పీలుస్తుందని చెప్పేవారు. అది పీల్చే రక్తమేమీ లేదు. చీమలు, పురుగులు తిని బ్రతుకుతుంది. ఆ ఎరుపంతా ప్రక్క చెట్టు మీది మరొక మగతొండను ఉద్దేశించినది.

తోటలో ఊడుస్తున్న వృద్ధుడు నా వంక చూచి, చీపురుతో దానిని చూపుతూ "ఓణాన్" అన్నాడు. చిన్నప్పుడు వీటిని కొట్టేవారా అని నాకు వచ్చిన కొద్ది తమిళంలో అడిగాను. ఆయన నవ్వి, రాళ్ళతో కొట్టేవాళ్ళమన్నాడు. రాములవారికి దాహమైనప్పుడు ఉడుత మంచినీళ్ళు ఇచ్చిందనీ, ఓణాన్ అపచారం చేసిందనీ, అందుకే పిల్లలు దానిని శిక్షిస్తారనీ ఒక కథ చెప్పాడు. మా ఊరిలో కథ లేదు. కొబ్బరి ఈనెకు ఉచ్చు బిగించి పట్టడం, తరువాత రాళ్ళు వేయడం మాత్రం ఉండేవి. తమిళ కుర్రవాళ్ళకు కనీసం ఒక కారణం ఉన్నది. ప్రపంచంలోని ఈ జాతి తొండలన్నిటికీ ప్రమాణమైన ఊరిలో, రెండు వందల ఏళ్ళ తోటలో, ఆ ఎర్రమెడను చూస్తూ ఒక గంట నిలబడ్డాను. అది మాత్రం నన్ను క్షమించినట్లు గాని, పట్టించుకున్నట్లు గాని కనిపించలేదు.

సాయంత్రం ఊసుడు చెరువుకు వెళ్ళాము. ఊరికి పడమరగా పది కిలోమీటర్ల దూరంలో, కొంత పుదుచ్చేరిలోనూ కొంత తమిళనాడులోనూ విస్తరించిన పెద్ద జలాశయం. దీనిని పుదుచ్చేరి ప్రభుత్వం 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. నేను మాత్రం గట్టు మీద నిలబడి, పక్షులకు వీపు త్రిప్పి, ఒడ్డున ఉన్న ఆకుల మధ్య వెదుకుతున్నాను. పుదుచ్చేరి పరిసరాలలోని చెరువుల నుండి 1834లో లెసోన్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన పచ్చకప్ప ఒకటి ఉన్నది. దాని పేరుకు ఆరువేళ్ళది అని అర్థం. నీటిమొక్కల మధ్య తల మాత్రం పైకి పెట్టి, ఆకులో ఆకుగా కలిసిపోయి ఉంటుంది. కప్ప అంటే పురుగులు తినేది అని మనం చదువుకున్నాం. ఇది పెద్దదైన తరువాత ఎక్కువగా ఆకులు తింటుందని ఇంద్రనీల్ దాస్ 1996లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. కప్పలలో ఇటువంటి శాకాహారం అత్యంత అరుదు. మా శ్రీమతికి ఈ విషయం నచ్చింది. "అయితే మన శనివారం ఒంటిపూటకు పనికివస్తుంది" అన్నది. చీకటి పడే వేళకు మూడు కప్పలను లెక్కపెట్టాము. నాలుగవది ఆకే అని తరువాత తేలింది.

నా చిన్నతనంలో, వానాకాలపు రాత్రులలో, పెట్రోమాక్స్ దీపాలతో మా పొలాలలో తిరిగే మనుషులు జ్ఞాపకం వచ్చారు. గోనె సంచులలో కప్పలను నింపుకొని తెల్లవారేసరికి వెళ్ళిపోయేవారు. కప్పకాళ్ళు విదేశాలకు ఎగుమతి అయ్యే రోజులవి. పెద్ద బోదురుకప్పలతో పాటు ఈ పచ్చకప్ప కూడా ఆ వ్యాపారానికి బలి అయినదే. ప్రభుత్వం 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది. ఒకప్పుడు వానలు లేకపోతే కప్పను రోకలికి కట్టి ఊరేగించి, ఇంటింటా నీళ్ళు పోయించుకున్న పల్లెలే, కిలోల లెక్కన వాటిని తూకానికి పెట్టాయి.

రాత్రి భోజనానంతరం బీచి రోడ్డుకు వెళ్ళాము. సాయంత్రం నుండి వాహనాలను ఆపివేస్తారు గనుక హాయిగా నడవవచ్చు. ప్రక్క వీధులలో దీపస్తంభాల క్రింద గోండ్రుకప్పలు పురుగుల కోసం కూర్చున్నాయి. ఒక వేపచెట్టు బెరడు మీద, బెరడు రంగులోనే, చెట్టుబల్లి కనిపించింది. దానికి లెషెనో పేరే పెట్టారు. ఆయన నడచిన వీధులలో ఆయన పేరున్న బల్లి పురుగులు ఏరుకుంటున్నది. విగ్రహం కన్నా ఇదే మెరుగైన స్మారకమని నాకు అనిపించింది.

కాని ఆ రోడ్డు మీద ఒక ఇంజనీరుకు కనిపించేది సముద్రం కన్నా ముందు రాళ్ళ గోడ. మన తూర్పు తీరంలో ఇసుక సంవత్సరంలో అధికభాగం దక్షిణం నుండి ఉత్తరానికి ప్రవహిస్తూ ఉంటుంది. 1980 దశకపు చివరిలో పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నదీముఖం వద్ద హార్బరు కోసం అలల అడ్డుగోడలు కట్టారు. ఇసుక దక్షిణం వైపు ఆగిపోయింది. ఉత్తరం వైపున ఉన్న పట్టణపు బీచి క్రమక్రమంగా సముద్రంలో కలిసిపోయింది. ఉన్న రోడ్డును కాపాడడానికి బండరాళ్ళు పోశారు. ఆ కోత ఇంకా ఉత్తరానికి జరిగి, జాలరి గ్రామాలను తాకింది. 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో నీటిలో మునిగి ఉండే కట్టడాన్ని దించిన తరువాత కొంత ఇసుక తిరిగి చేరింది. ఒక గోడ చేసిన పనిని మరొక గోడతో సరిదిద్దడం మన వృత్తికి క్రొత్త కాదు. నేను కూడా ఒక సబ్‌స్టేషన్ విస్తరణలో చిత్తడి నేల ఒకదానిని ఎర్రమట్టితో పూడ్పించిన వాణ్ణి. ఆ ఏడాది వానలకు రాత్రుళ్ళు కంట్రోలు రూము దగ్గర ఎందుకు అంత నిశ్శబ్దంగా ఉన్నదో నాకు చాలాకాలం తట్టలేదు.

ఆదివారం ఉదయం అసలు పని మీద బయలుదేరాము.

ఈ తొండకు శాస్త్రనామం సితానా పొంటిసెరియానా. రెండవ మాట పాండిచ్చేరికి లాటిన్ రూపం. 1829లో సుప్రసిద్ధ జంతుశాస్త్రజ్ఞుడు క్యువియే ఈ పేరు పెట్టాడు. ఆయన జీవితంలో భారతదేశం చూడలేదు. దీనిని మనం విసనకర్ర తొండ అనవచ్చు. మగదానికి గొంతు క్రింద చర్మం మడత ఉంటుంది. వేసవిలో, ఎత్తైన రాయి మీదికి ఎక్కి, ఆ మడతను విసనకర్రలా విప్పి మూస్తుంది. వెనుక కాలికి ఐదు వ్రేళ్ళు కాక నాలుగే ఉంటాయి. తొందరగా పారిపోవలసి వచ్చినప్పుడు వెనుక కాళ్ళ మీద లేచి పరుగెత్తుతుంది. తోక మినహాయిస్తే రెండంగుళాల ప్రాణి. చెట్లెక్కడం దీని పని కాదు. ఇసుకనేల, పొట్టిగడ్డి, ముళ్ళకంపలు, ఎండ, ఇవి కావాలి. చూచేవారికి బీడుగా కనిపించే నేలే దీనికి ఇల్లు. మన దేశంలో ఇదంతా ఒకే జాతి అనుకునేవారు. 2016లో వెలువడిన సమగ్ర పరిశోధనలో ఈ వర్గం నుండి ఐదు క్రొత్త జాతులనూ, ఒక క్రొత్త ప్రజాతినీ వేరుచేశారు. అసలు పేరు మాత్రం పుదుచ్చేరి తొండకే మిగిలింది.

పట్టణంలో దానిని వెదకడం వృథా అని మొదటి రోజే అర్థమయింది. భవనం కానిచోట రోడ్డు, రోడ్డు కానిచోట తోట, తోట కానిచోట పార్కింగు. ఊరు తన పేరును దానికి ఇచ్చి, నేలను మాత్రం తనకే అట్టిపెట్టుకున్నది. అందుచేత ఒక ఆటో మాట్లాడుకొని, ఉత్తరాన కాలాపట్టు దారిలో కొంత దూరం వెళ్ళి, లోపలికి మళ్ళి, జీడిమామిడి తోటలు దాటి ఒక ఖాళీ నేల దగ్గర దిగాము. ఉదయం ఏడున్నర. ఎర్రమట్టి, ఇసుక కలిసిన నేల. అక్కడక్కడ రేగు కంపలు. ఎండ అప్పుడే వీపు మీద చరుస్తున్నది.

గంటసేపు ఏమీ కనిపించలేదు. ఒక కంప క్రింద నుండి సన్నని నలికండ్ల పాము సర్రున జారిపోయింది. పేరులో పాము ఉన్నా అది నాలుగు కాళ్ళ బల్లి వర్గమే, నిరపాయకరమైనది. ఇసుకలో ఒక పాము జాడ వంకరలు తిరిగి పొదలోకి వెళ్ళింది. నేను దాని వెంట వెళ్ళలేదు. కంపల క్రింద చెయ్యి పెట్టకూడదన్న నియమం ఊరికే పెట్టుకున్నది కాదు. మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటు మరణాలు సగటున ఏటా 58,000 అని ఒక విస్తృత అధ్యయనం లెక్క కట్టింది. వారిలో ఎక్కువమంది పల్లెలలో, ఆసుపత్రికి దూరంగా మరణించినవారే. వాటికి విరుగుడు మందు మంత్రం కాదు, సీరం. ఆ సీరం తయారీకి కావలసిన విషాన్ని సేకరించి ఇచ్చేవారు ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, మహాబలిపురానికి సమీపాన వడనెమ్మేలిలో ఉన్న ఇరుళుల సహకార సంఘం వారు. ఒకప్పుడు చర్మాల కోసం పాములను పట్టిన గిరిజనులు 1978లో సంఘంగా ఏర్పడి, పామును పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదలడం ఆరంభించారు. వారిలో మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ లభించింది. ఆ వార్త చదివిన రోజున నాకు మా ఊరి వసారా, ఆ చాప జ్ఞాపకం వచ్చాయి.

ఎనిమిదిన్నర దాటింది. నేను దుర్భిణితో దూరపు కంపలను వెదుకుతూ ఉంటే, గొడుగు క్రింద కూర్చున్న మా శ్రీమతి మెల్లగా పిలిచింది. "ఏమండీ, ఆ రాయి మీద ఏదో తెల్లగా తెరుచుకొని మూసుకుంటున్నది. కాగితమా?"

ఇరవై అడుగుల దూరంలో, అడుగున్నర ఎత్తైన సిమెంటు రాయి మీద అది ఉన్నది. ముందు కాళ్ళ మీద లేచి, మెడ నిక్కించి, గొంతు క్రింది విసనకర్రను విప్పింది. వెనుక నుండి పడుతున్న ఎండ ఆ పలుచని చర్మం గుండా ప్రసరించి, ఒక క్షణం అది దీపంలా వెలిగింది. మూసింది. మళ్ళీ విప్పింది. తల అటు త్రిప్పి మరొకసారి. అప్పుడు చూచాము, నాలుగడుగుల దూరంలో, నేలరంగులో, ఆడది ఒకటి, ఈ ప్రదర్శనతో తనకేమీ సంబంధం లేనట్లు చీమలను ఏరుకుంటున్నది. మా శ్రీమతి దుర్భిణి అడిగి తీసుకున్నది. తిరిగి ఇవ్వడానికి పావుగంట పట్టింది. "ఇంత చిన్నదానికి ఎంత ఠీవి!" అన్నది. నేను ఫోటో తీసి, పెద్దది చేసి, వెనుక పాదం చూచాను. నాలుగు వ్రేళ్ళు.

అది ఎక్కిన రాయికి తెల్లసున్నం వేసి, మీద ఎర్రరంగుతో ఒక అంకె వ్రాసి ఉన్నది. తల ఎత్తి చుట్టూ చూస్తే, అటువంటివే వరుసలు కట్టి కనిపించాయి. ముప్పై అడుగుల రోడ్డుకు చోటు వదిలి, అటూ ఇటూ సమాన దూరంలో, లెవెల్ తీసి పాతిన రాళ్ళు. గంటన్నర నుండి నేను కంపలనూ నేలనూ చూస్తున్నానే గాని, వృత్తిరీత్యా మొదట చూడవలసిన ఆ హద్దురాళ్ళను చూడలేదు.

ఆటో డ్రైవరు బీడీ పారవేసి మా దగ్గరికి వచ్చాడు. ఇంతసేపు ఖాళీ స్థలాన్ని దుర్భిణితో చూచే దంపతులను గురించి అతడు ఒక నిర్ణయానికి వచ్చినట్లున్నాడు. తమిళం, తెలుగు కలిపి, మంచి స్థలమనీ, ఇంకా మూలప్లాట్లు రెండు ఉన్నాయనీ, యజమాని తనకు తెలిసినవాడేననీ, దీపావళికల్లా రోడ్డు పడుతుందనీ చెప్పాడు. మాకు ఎన్నవ నంబరు కావాలని అడిగాడు.

అడుగుల చప్పుడుకు తొండ రాయి దిగి, వెనుక కాళ్ళ మీద లేచి, చిన్నపిల్లవాడు పరుగెత్తినట్లు పరుగెత్తి కంపలోకి పోయింది. మా శ్రీమతి అది దిగిన రాయి వంక చూచి, "పదిహేడు" అన్నది.